ఇంటి తెలివి ఇంట్లోనే ఉండాలి

పిల్లలూ, ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. హైదరాబాదులో మీ ఇంటి హాల్లో కూర్చుని ఫోను మీద వేలు పెట్టి, అదే హాల్లో పది అడుగుల దూరంలో ఉన్న లైటు వేశారు. ఆ కబురు ఎంత దూరం నడిచి లైటును చేరింది? పది అడుగులే అంటారు మీరు. బజారులో దొరికే చాలా స్మార్ట్ బల్బుల విషయంలో అది నిజం కాదు. కబురు ముందు మీ ఇంటి వైఫై రౌటరుకి వెళుతుంది. అక్కణ్ణుంచి ఫైబరు తీగ పట్టుకుని ఆ బల్బు కంపెనీ వారి సర్వరుకి వెళుతుంది. ఆ సర్వరు సింగపూరులో ఉందనుకోండి. తిన్నగా గీత గీస్తే ఇక్కడికి సుమారు 3,300 కిలోమీటర్లు. సర్వరు మీ ఖాతా తెరిచి, బల్బు మీదేనని తేల్చుకుని, వెలగమన్న ఆజ్ఞను వెనక్కి పంపుతుంది. రానూపోనూ 6,600 కిలోమీటర్లు! గాజు తీగలో వెలుతురు సెకనుకు రమారమి 2 లక్షల కిలోమీటర్లు పరుగెడుతుంది కనుక ఈ ప్రయాణానికి 33 మిల్లీసెకన్లు చాలు. దారిలో మజిలీలు కలుపుకున్నా రెప్పపాటులో లైటు వెలుగుతుంది.

కాబట్టి వేగంతో నాకు పేచీ లేదు. నా పేచీ ఆధారపడటంతో. పక్క గదిలో ఉన్న మనిషిని పిలవడానికి పోస్టాఫీసుకి వెళ్ళి టెలిగ్రాం ఇచ్చినట్టుంది ఈ పద్ధతి. పోస్టాఫీసుకి సెలవైతే పక్క గదిలో మనిషి కూడా పలకడు. ఇంట్లో ఈ స్విచ్చులతో, సెన్సార్లతో, పాత కంప్యూటర్లతో చాలాకాలంగా పనిచేస్తున్న మనిషిగా నేను గట్టిగా నమ్మేది ఒక్కటే: ఇంటి తెలివి ఇంట్లోనే ఉండాలి. ఎందుకో, ఎలాగో వినండి.

గోరంత కంప్యూటరు

స్మార్ట్ స్విచ్చు లోపల ముఖ్యంగా ఉండేవి రెండు. మొదటిది రిలే. చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో సన్నని రాగి తీగ చుట్ట. ఆ చుట్టలోకి 5 వోల్టుల కరెంటు పంపితే అది అయస్కాంతమై పక్కనున్న ఇనుప రేకును లాక్కుంటుంది. రేకు కదలగానే 230 వోల్టుల లైన్లో తెగి ఉన్న చోటు కలుసుకుంటుంది, లైటు వెలుగుతుంది. స్విచ్చు పనిచేసినప్పుడు వినిపించే 'టిక్' అన్న చప్పుడు ఆ రేకుదే. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపించే ఈ ఉపాయం కొత్తది కాదు, 19వ శతాబ్దపు టెలిగ్రాఫు కాలం నాటిది.

రెండోది చిప్పు. చాలా స్విచ్చుల్లో కనిపించేది షాంఘైలోని ఎస్ప్రెసిఫ్ కంపెనీ చిప్పు. 2014లో ఆ కంపెనీ ఈఎస్‌పీ8266 అనే చిప్పును తెచ్చింది. వైఫై, ప్రాసెసరు రెండూ ఒకే ముక్కలో, అదీ చాలా చవకగా. ఇంట్లో సొంతంగా ఇలాంటి పనులు చేసుకునేవాళ్ళకి పండగొచ్చింది. 1977లో వచ్చిన ఆపిల్ 2 కంప్యూటరు గడియారం సెకనుకు సుమారు 10 లక్షల సార్లు కొట్టుకునేది. ఈ గోరంత చిప్పు గడియారం 8 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. అంటే మీ గోడలో ఉన్న స్విచ్చు, ఒకప్పుడు జనం బల్ల మీద పెట్టుకుని లెక్కలు చేసిన కంప్యూటరు కంటే ఎన్నో రెట్లు చురుకైనది. సాయంత్రం ఆరున్నరకి వసారా లైటు వెయ్యాలి అన్న నిర్ణయం అది సొంతంగా తీసుకోలేదా? నిక్షేపంగా తీసుకోగలదు. సింగపూరును అడగాల్సిన అవసరం ఆ చిప్పుకి లేదు. అలా అడిగించడం స్విచ్చు అమ్మిన కంపెనీ పెట్టిన ఏర్పాటు, అంతే.

నిజానికి ఇంటిని యంత్రాలతో నడిపే ఆలోచన ఇంటర్నెట్టు కంటే ముందుది. 1975లో స్కాట్లాండులోని గ్లెన్‌రోథెస్‌లో పికో ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ ఎక్స్10 అనే పద్ధతిని తయారుచేసింది. వేరే తీగలు అక్కర్లేదు, ఇంట్లో ఉన్న కరెంటు తీగల మీదే కబురు పంపేది. ఎలాగో తెలుసా? మన ఇళ్ళకి వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అలా ఊగుతూ సెకనుకు 100 సార్లు సున్నాను దాటుతుంది. ఆ సున్నా దగ్గర తీగలో గోల తక్కువ. సరిగ్గా ఆ క్షణంలో 120 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంతో చిన్న సంకేతం పంపితే 1, పంపకపోతే 0. ఇంత సరళమైన ఉపాయంతో లైట్లు వేశారు, ఫ్యాన్లు ఆపారు. తెలివంతా ఆ ఇంటి గోడల మధ్యే ఉండేది.

మూడు ప్రశ్నలు

ఎవరైనా నన్ను 'ఈ పరికరం కొనమంటారా తాతగారూ' అని అడిగితే నేను తిరిగి మూడు ప్రశ్నలు వేస్తాను. నెట్ పోతే ఏమవుతుంది? కంపెనీ పోతే ఏమవుతుంది? కరెంటు పోయి వస్తే ఏమవుతుంది?

మొదటి ప్రశ్నకి 2021 డిసెంబరు 7 జవాబు చెప్పింది. ఆ రోజు అమెరికాలోని వర్జీనియాలో అమెజాన్ వారి క్లౌడు సర్వర్లలో పెద్ద ఇబ్బంది వచ్చింది. దాంతో ఎన్నో ఇళ్ళలో అలెక్సా మూగబోయింది, డోర్‌బెల్ కెమెరాలు పనిచెయ్యలేదు, గది ఊడ్చే రోబోలు యాప్ మాట వినలేదు. ఆ ఇళ్ళలో ఏ పరికరమూ పాడవలేదు, కరెంటు ఉంది, వైఫై ఉంది. ఎక్కడో వర్జీనియాలో లోపం వస్తే ఆ ఇళ్ళలో గది ఊడవడం ఆగిపోయింది.

రెండో ప్రశ్న ఇంకా గట్టిది. రివాల్వ్ అనే ఒక పెట్టె ఉండేది. ఇంట్లో ఉన్న రకరకాల పరికరాలను కలిపి నడిపేది. ధర సుమారు 300 డాలర్లు. 2014లో గూగుల్ చేతిలో ఉన్న నెస్ట్ ఆ సంస్థను కొనేసింది. 2016 మే 15న దాని సర్వరును ఆపేశారు. ఆ రోజు నుంచి జనం డబ్బు పెట్టి కొనుక్కున్న పెట్టెలు పనికిరాని డబ్బాలయ్యాయి. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే సంస్థ సర్వర్లు కూడా ముందస్తు కబురు లేకుండా ఆగిపోయాయి. కొన్ని వారాలకి, ఆ పరికరాలు వాడుతున్నవాళ్ళే కొందరు చేతులు కలిపి సంస్థను కొని మళ్ళీ నడిపించుకున్నారు. మన తాతల నాటి ఇళ్ళలో నల్ల బేకలైట్ స్విచ్చులు యాభై ఏళ్ళు పనిచేశాయి. వాటిని తయారుచేసిన కంపెనీ ఉందో మూతపడిందో ఎవరికీ పట్టలేదు. కొత్త స్విచ్చు దగ్గర కూడా అదే ఆశించడం మన హక్కు.

మూడోది కరెంటు. ఇది మన ఊళ్ళ ప్రశ్న. అర్ధరాత్రి కరెంటు పోయింది, రెండింటికి వచ్చింది. వెంటనే పడకగదిలో స్మార్ట్ బల్బులన్నీ భగ్గున వెలిగాయి, పిల్లాడు లేచి ఏడుపు అందుకున్నాడు. ఎందుకిలా? బల్బుకి కరెంటు పోవడానికీ, మనం గోడ స్విచ్చు ఆపడానికీ తేడా తెలియదు. ఎవరైనా గోడ స్విచ్చు వేస్తే చీకటిగా ఉండకూడదని, కరెంటు అందగానే వెలగమని తయారీలోనే నేర్పుతారు. చాలా బల్బుల యాప్‌లో దీన్ని మార్చుకునే చోటు ఉంటుంది. పోయేముందు ఎలా ఉందో అలాగే ఉండమని పెట్టుకోండి. ఇంకో సంగతి, కరెంటు పోయి వచ్చాక రౌటరు తేరుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. అంతవరకు వైఫై పరికరాలన్నీ దిక్కులు చూస్తుంటాయి. రౌటరుకి 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి పెట్టండి. స్మార్ట్ ఇంటికి మొదట కొనాల్సిన వస్తువు అదే అంటాను నేను.

ఈ మూడింటికీ తోడు ఒక నియమం. గోడ మీద మామూలు స్విచ్చు ఎప్పటిలాగే పనిచెయ్యాలి. బామ్మగారు ఫోను వెతుక్కోకుండా లైటు వేసుకోగలగాలి. అందుకే నేను స్మార్ట్ బల్బు కంటే స్విచ్‌బోర్డు వెనక అమర్చే మాడ్యూలుకే ఓటేస్తాను. పాత స్విచ్చూ పనిచేస్తుంది, ఫోనూ పనిచేస్తుంది. దానికి ఫేజుతో పాటు న్యూట్రల్ తీగ కావాలి. మన బోర్డుల్లో చాలావాటికి పక్కనే ప్లగ్ సాకెట్టు ఉంటుంది కనుక న్యూట్రల్ అక్కడే దొరుకుతుంది. పని మాత్రం ఎలక్ట్రీషియన్ చేతనే, మెయిన్ ఆపించి చేయించండి.

పొలం నేర్పిన పాఠం

స్మార్ట్ పరికరాలంటే పట్నపు వేడుక అనుకోకండి. మన రైతులు ఈ విద్యను ముందే వంటబట్టించుకున్నారు. బోరు మోటారు స్టార్టరు డబ్బాకి సిమ్ కార్డు ఉన్న పెట్టె తగిలించి, ఇంటి దగ్గర నుంచే ఫోను చేసి మోటారు వేసేవాళ్ళు, ఆపేవాళ్ళు తెలుగు నేల మీద ఎందరో. రాత్రిపూట కరెంటిచ్చే రోజుల్లో చీకట్లో గట్ల వెంట నడవడం, పాముల భయం, తడి చేత్తో స్టార్టరు ముట్టుకునే ప్రమాదం, ఇవన్నీ ఆ పెట్టె తప్పించింది. అవసరం లోంచి పుట్టిన యంత్రం అంటే అది.

దాని పక్కనే ఇంకో పరికరం ఉంది, ఆటోస్టార్టరు. కరెంటు వచ్చిందంటే చాలు, మనిషి లేకపోయినా మోటారు వేసేస్తుంది. చేను తడిసిందా, బోరులో నీళ్ళున్నాయా అన్నది దానికి పట్టదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు, ఆటోస్టార్టర్లు తీసెయ్యమని ప్రభుత్వమూ విద్యుత్ సంస్థలూ రైతుల్ని పదే పదే కోరాయి. కరెంటు రోజంతా ఉంటే మోటారూ రోజంతా నడుస్తుంది, భూగర్భ జలం అడుగంటుతుంది.

ఈ రెండు డబ్బాల మధ్య తేడాలోనే అసలు శాస్త్రం ఉంది. యంత్రం పనిచెయ్యడం ఒక్కటే చాలదు. ముందు కొలవాలి, తర్వాత నిర్ణయించాలి, ఆ తర్వాతే కదలాలి. కొలత లేని ఆటోమేషను గుడ్డిది.

ట్యాంకులో చప్పుడు

కొలవడం ఎలాగో మేడ మీద నీళ్ళ ట్యాంకు దగ్గర చూద్దాం. మూతకి లోపలి వైపు చిన్న అల్ట్రాసోనిక్ సెన్సారు బిగిస్తాం. అది 40 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని కిందికి వదులుతుంది. మన చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినపడదు కనుక ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ శబ్దం నీళ్ళ మీద తగిలి తిరిగొస్తుంది. 5.8 మిల్లీసెకన్లలో వచ్చిందనుకోండి. 25 డిగ్రీల దగ్గర గాలిలో శబ్దం సెకనుకు 346 మీటర్లు పోతుంది. గుణిస్తే 2 మీటర్లు. అది రానూపోనూ దూరం. సగం చేస్తే మూతకీ నీళ్ళకీ మధ్య ఖాళీ ఒక మీటరు.

ఇక్కడే ఒక చిక్కుంది. మే నెల మధ్యాహ్నం ఎండకి ట్యాంకులో గాలి 45 డిగ్రీలకి చేరిందనుకుందాం. వేడి పెరిగే కొద్దీ శబ్దం వేగం డిగ్రీకి సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. ఇప్పుడది సెకనుకు 358 మీటర్లు. శబ్దం తొందరగా తిరిగొస్తుంది. సెన్సారేమో పాత లెక్కే వేసి, ఖాళీ 97 సెంటీమీటర్లకి కాస్త తక్కువని చెబుతుంది. మీటరు వ్యాసమున్న ట్యాంకులో ఆ మూడు సెంటీమీటర్ల పైచిలుకు అంటే లేని నీళ్ళు పాతిక లీటర్లు ఉన్నట్టు చూపించడం! మందు తేలికే. పక్కన చిన్న ఉష్ణోగ్రత సెన్సారు పెట్టి, లెక్కలో ఆ వేడిని కూడా కలపమంటే సరిపోతుంది. ఇంకో జాగ్రత్త, తడిని తట్టుకునే రకం సెన్సార్లలో చాలావాటికి మరీ దగ్గరగా, ఇరవై పాతిక సెంటీమీటర్ల లోపు ఉన్నది కనిపించదు. అందుకని నిండు నీటి మట్టానికి అంత ఎత్తున బిగించాలి.

ఇంత చేశాక కూడా పాత ఫ్లోట్ స్విచ్చును తీసెయ్యనివ్వను నేను. నీళ్ళు పైకొస్తే బంతి తేలుతుంది, మోటారు ఆగుతుంది. దానికి ప్రోగ్రాము లేదు, పాస్‌వర్డు లేదు. సెన్సారు రోజూ పనిచెయ్యాలి, అది తడబడిన రోజున ఫ్లోటు కాపాడాలి. దాంతోపాటు మోటారు ఒక్కసారి వేస్తే ఫలానా నిమిషాలకు మించి నడవకూడదన్న హద్దు కూడా ప్రోగ్రాములో రాసి ఉంచాలి. బోరు ఎండిపోయినప్పుడు మోటారు కాలిపోకుండా ఆ హద్దే ఆదుకుంటుంది.

ఇంటికొక చిన్న సర్వరు

మరి ఈ సెన్సార్లన్నిటి కబుర్లూ విని, నిర్ణయం చేసేదెవరు? ఇంట్లోనే ఉండే ఒక చిన్న కంప్యూటరు. 2012లో ఇంగ్లండు నుంచి రాస్ప్‌బెర్రీ పై వచ్చింది. పిల్లలు ప్రోగ్రామింగు నేర్చుకోవాలని చేసిన, ఏటీఎం కార్డంత కంప్యూటరు అది. 2013లో పాలస్ షౌట్సెన్ అనే ఆయన హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు మొదలుపెట్టాడు. ప్రపంచం నలుమూలల నుంచీ ఎందరో దానికి తమ వంతు కోడు రాశారు. రకరకాల కంపెనీల పరికరాలను ఒకే గూటికి తెచ్చి, ఇంట్లోనే నడిపిస్తుంది అది. లోపల చాలాచోట్ల ఎంక్యూటీటీ అనే పద్ధతిలో కబుర్లు నడుస్తాయి. దీన్ని 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు చమురు పైపులైన్ల కోసం తయారుచేశారు. ఎడారిలో ఉన్న పైపు ఒత్తిడి ఎంతో ఖరీదైన ఉపగ్రహ లైను మీద చెప్పాలంటే మాటలు పొదుపుగా ఉండాలి కదా. ఆ పొదుపే ఇవాళ మన ట్యాంకు సెన్సారుకి పనికొచ్చింది.

కొత్తగా కొనక్కర్లేదు కూడా. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఎక్కని పాత లాప్‌టాప్‌లు ఎన్నో ఇళ్ళలో అటకెక్కాయి. వాటిని పాత సామాన్లవాడికి వెయ్యకండి. తిరిగే హార్డ్‌డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేసి, లినక్సు ఎక్కిస్తే అవి మళ్ళీ చురుగ్గా పనిచేస్తాయి. పదేళ్ళ నాటి లాప్‌టాపు కూడా ఇంటి సర్వరుగా బ్రహ్మాండంగా సరిపోతుంది. బ్యాటరీ మాత్రం ఉబ్బి ఉంటే ముందు దాన్ని తీయించండి.

ఐతే వాట్ల లెక్క మరవకూడదు. ఏడాది పొడవునా ఆగకుండా వెలిగే ప్రతి ఒక్క వాట్‌కీ 8.76 యూనిట్లు ఖర్చు. 50 వాట్లు తినే పాత డెస్క్‌టాపును సర్వరుగా పెడితే ఏడాదికి 438 యూనిట్లు. 5 వాట్లు తినే చిన్న బోర్డైతే 44 యూనిట్లు. వైఫై స్విచ్చులు కూడా ఊరికే ఉండవు, ఒక్కోటి ఒక వాట్ తిన్నా ఇంట్లో పది ఉంటే ఏడాదికి 88 యూనిట్లు. అదే 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాను తీసి, 30 వాట్లతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టారనుకోండి. రోజుకి 15 గంటల చొప్పున 300 రోజులు తిరిగితే 200 యూనిట్లు మిగులుతాయి. నా దృష్టిలో ఇంట్లో అన్నిటికంటే తెలివైన వస్తువు ఆ ఫ్యానే.

గీజరు సంగతీ చెప్పాలి. 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు లాగుతుంది, 3,000 వాట్లదైతే 13. దానికి 6 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గు తగిలిస్తే వేడెక్కి కరుగుతుంది, మంటలూ రావచ్చు. గీజరుకి 16 ఆంపియర్లదే వాడాలి. ధర చూసి ఇక్కడ బేరమాడకండి.

దూరం నిజంగా ఉన్నప్పుడు

ఇంటర్నెట్టు వద్దని కాదు నేననేది. దూరం నిజంగా ఉన్నచోట అది వరమే. పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటారు, తల్లిదండ్రులు తెనాలిలోనో కరీంనగర్‌లోనో ఒంటరిగా ఉంటారు. పిల్లలు బెంగతో హాల్లో కెమెరా పెట్టించి వెళతారు. ఆ బెంగ నాకు అర్థమవుతుంది. కానీ పెద్దవాళ్ళకీ మరుగు కావాలమ్మా. ముందు వాళ్ళని అడగండి. వీధి గుమ్మం బయట కెమెరా చాలు. లోపల ఫ్రిజ్ తలుపుకి ఒక చిన్న సెన్సారు పెడితే, ఉదయం ఏడింటికి అది తెరుచుకుందంటే అమ్మ లేచి పాలు కాస్తోందని మీకు కబురొస్తుంది. ఫొటో అక్కర్లేదు, మాట అక్కర్లేదు. అమ్మ మర్యాద అమ్మకి ఉంటుంది, మీ మనసు మీకు కుదుటపడుతుంది.

కెమెరా పెట్టినవాళ్ళు 2016 అక్టోబరు 21ని గుర్తుపెట్టుకోండి. మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము ఇళ్ళలో ఉన్న కెమెరాలను, రికార్డర్లను వేల సంఖ్యలో లొంగదీసుకుని, డైన్ అనే సంస్థ మీద ఒక్కసారిగా దాడి చేయించింది. దాని మీద ఆధారపడ్డ ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్ వంటివి ఎంతోమందికి అందకుండా పోయాయి. మిరాయ్ చేసిన గొప్ప మాయేమీ లేదు. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులు అరవై పైచిలుకు దగ్గర పెట్టుకుని, కనిపించిన ప్రతి కెమెరా మీదా ఒక్కొక్కటే ప్రయత్నించింది. మార్చనివాళ్ళ ఇంటి తలుపు తెరుచుకుంది.

మంచి కబురు కూడా ఉంది. 2022 అక్టోబరులో మేటర్ అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది. ఆపిల్, గూగుల్, అమెజాన్ వంటి పోటీదారులు కలిసి కూర్చుని ఒప్పుకున్నది. దాని ప్రకారం తయారైన పరికరాలు కంపెనీ సర్వరును అడగకుండా ఇంటి నెట్‌వర్కులోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవు. కొనేటప్పుడు పెట్టె మీద ఆ గుర్తు ఉందో లేదో చూడండి, దుకాణదారుణ్ణి అడగండి. మనం అడిగితేనే కంపెనీలు చేస్తాయి.

చివరగా ఒక పని అప్పజెబుతాను. ఇవాళ సాయంత్రం ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పి, రౌటరుకి బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్టు తీగను ఐదు నిమిషాలు తీసి, ఇంట్లో ఏయే వస్తువులు పనిచేస్తున్నాయో, ఏవి చేతులెత్తేశాయో కాగితం మీద రాయండి. చేతులెత్తేసిన రకం ఇకమీదట కొనకండి. తీగ మళ్ళీ పెట్టాక, రౌటరుకీ కెమెరాకీ ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉంటే రాత్రి భోజనాల వేళలోగా మార్చెయ్యండి.